సంతకం ఎవరిది?

ఉదయం తొమ్మిదిన్నర. ఓపీ చీటీల కిటికీ ముందు వరుస అప్పుడే గేటు దాకా సాగింది. మీరు ఆ వరుస పక్కనుంచి నడిచి, గర్భిణుల వార్డు దాటి, వరండా చివరి గది తాళం తీస్తారు. తలుపు మీద మహిళల ‘సఖి’ కేంద్రం బోర్డు, దాని కింద 181 హెల్ప్‌లైన్ నంబరు. లోపల ఒక టేబులు, నాలుగు కుర్చీలు, తాళం పడే ఇనుప బీరువా. రాగానే మీరు చేసే పని కుర్చీలు సర్దడం. వచ్చిన మనిషి వీపు తలుపు వైపు ఉండాలి. వరండాలో పోయేవాళ్లకు ఆమె మొహం కనపడకూడదు.

ఈ రోజుకు మీరే సోషల్ వర్కర్. ఉత్తర తెలంగాణలో ఏదో ఒక జిల్లా ఆసుపత్రి అనుకోండి. ఈ గదిలోకి వచ్చే మనుషులు కల్పితం. వాళ్లకు అడ్డం పడే మాటలు, కాగితాలు ఎక్కడైనా వినిపించేవే, కనిపించేవే. చట్టం సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టు.

తలుపు దగ్గర స్టాఫ్ నర్సు. ఆమె వెనక ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో స్కానింగ్ కాగితం.

“మేడం, ఈమెకు తొమ్మిదో వారం నడుస్తుంది. అబార్షన్ గావాలంటది. మొగుడు రాలే. ఆయన సంతకం లేకుండ ఎట్ల జేస్తమంటే ఇంటలేదు. మీరన్న జెప్పుండ్రి.”

నర్సు చెడ్డ మనిషేం కాదు. రేపు ఆ భర్త వచ్చి వార్డులో గొడవ పెట్టుకుంటే ముందు తిట్లు పడేది ఆమెకే. అది మీకు తెలుసు. అందుకే వాదన పెట్టుకోరు.

“సిస్టర్, ఫారం సి ఒకటి తెచ్చిస్తరా?”

కాగితం వస్తుంది. టేబులు మీద పరిచి ముగ్గురూ చదువుతారు. గర్భిణి పేరు, వయసు, చిరునామా, ఆమె సంతకం. మైనరు గానీ మానసిక రోగి గానీ అయితే సంరక్షకుల సంతకం. అంతే. భర్త సంతకానికి ఆ కాగితంలో చోటే లేదు. గర్భస్రావాల గురించిన 1971 నాటి ఎంటీపీ చట్టంలోనూ లేదు. పద్దెనిమిది నిండిన మనిషి తన గర్భం గురించి తానొక్కతే సంతకం పెడుతుంది. గర్భనిరోధక సాధనం పనిచేయక వచ్చిన గర్భం గురించి చెప్పేచోట పాత చట్టంలో ‘వివాహిత, ఆమె భర్త’ అని ఉండేది. 2021 సవరణ దాన్ని ‘ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి’ అని మార్చింది. ఆ సవరణ 2021 సెప్టెంబరు 24 నుంచి అమల్లో ఉంది.

“ఆధార్ అన్న గావాలె గదా మేడం?” అంటుంది నర్సు, కాస్త మెత్తబడి.

“అది గూడ చట్టంల లేదు సిస్టర్.”

నర్సు వెళ్లాక తలుపు చేరవేస్తారు. ఇప్పుడు గదిలో ఇద్దరే. ఎందుకు వద్దనుకుంటున్నావని మీరు అడగరు. ఆ ప్రశ్న డాక్టరు ఎలాగూ అడగాలి. చట్టం ప్రకారం అభిప్రాయం రాసేది ఆమె. మీరు అడగాల్సింది వేరు.

“ఇది నీ నిర్ణయమేనా అమ్మా? ఇంట్ల ఎవరన్న బలవంతం జేస్తున్నరా?”

“నాదే మేడం. ఆయన గల్ఫ్‌ల ఉంటడు. సెలవు మీద వచ్చి పోయి నెలన్నరాయె. చిన్నోడికి ఇంక ఏడాది నిండలే. ఇగ ఇంకొకటి నాతోని కాదు. ఫోన్ల జెప్తె ఉంచుకోమంటడు.”

‘అయినా ఆయనకు చెప్తే మంచిది కదమ్మా’ అన్న మాట మీ నాలుక చివరికి వస్తుంది. మింగేస్తారు. చెప్పాలా, వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది ఆమె కాపురం సంగతి. చెప్పినందుకో, చెప్పనందుకో కొడతాడన్న భయం ఉందా అన్నంతవరకే మీ పని. అడుగుతారు. లేదంటుంది. అక్కడితో ఆ ప్రస్తావన ముగుస్తుంది.

ఆమెకు ఇంకో సందేహం ఉంది. “మెడికల్ షాపుల గోలీలు ఇస్తరట గద?” డాక్టరు రాయకుండా ఆ గోలీలు అమ్మకూడదని చెబుతారు. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉంటే ఆ మాత్రలతో పోదని, లోపల పగిలితే ప్రాణం మీదికి వస్తుందని, స్కానింగు చేసేది అందుకేనని వివరిస్తారు. తొమ్మిది వారాల లోపు మాత్రలతో అవుతుంది. దాటితే వేరే పద్ధతి. ఏది మంచిదో డాక్టరు చెబుతుంది. తర్వాత రక్తం ఆగకుండా పోయినా, జ్వరం వచ్చినా రాత్రయినా సరే తిరిగి రావాలి. ఇవన్నీ ఒకసారి చెప్పి ఊరుకోరు. ఆమె చేత తిరిగి చెప్పించుకుంటారు. తెలిసి ఇచ్చిన సమ్మతి అంటే అదే.

వార్డు దాకా ఆమెతో వెళ్తారు. అక్కడ ఇంకో గొంతు: “కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే ఇది జేస్తమని చెప్పుండ్రి మేడం.” మీరు నవ్వుతూనే అడ్డుపడతారు. ఆపరేషనైనా, కాపర్‌-టీ అయినా ఆమెకు చెప్పవచ్చు, ఇవ్వజూపవచ్చు. షరతు పెట్టకూడదు.

ఇన్ని అదనపు సంతకాలు, షరతులు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియాలంటే చట్టం ఎట్లా కట్టి ఉందో చూడాలి. అడగ్గానే దొరికే హక్కుగా గర్భస్రావాన్ని మన చట్టం రాయలేదు. గర్భస్రావం చేయించడం శిక్షాస్మృతిలో ఇప్పటికీ నేరమే. నిన్నటిదాకా ఐపీసీ 312, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 88. ఎంటీపీ చట్టం ఆ నేరానికి మినహాయింపు. అర్హత ఉన్న డాక్టరు, ప్రభుత్వ ఆసుపత్రిలోనో అనుమతి ఉన్న చోటనో, చెప్పిన గడువులోపల, సదుద్దేశంతో అభిప్రాయానికి వచ్చి చేస్తే నేరం కాదు. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఇరవై నుంచి ఇరవై నాలుగు దాకా, కొన్ని వర్గాల స్త్రీలకు, ఇద్దరివి కావాలి. ఆపైన పిండంలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు తేల్చాలి. ప్రాణాపాయం ఉంటే ఈ గడువులేవీ లేవు. డాక్టరు తలపై నేరం వేలాడుతున్నంత కాలం ఆమె చుట్టూ ఉన్నవాళ్లు తమ రక్షణ కోసం ఒక్కో కాగితం కలుపుతూ పోతారు. భర్త సంతకం, ఆధార్, అన్న ఫోన్ నంబరు. వాటిలో ఏది చట్టం అడిగింది, ఏది భయం అడిగింది అని విడదీయడం ఈ గదిలో కూర్చున్న మనిషి చేయాల్సిన పనుల్లో మొదటిది.

పదకొండు దాటింది. డాక్టరు పంపిన చీటీతో తల్లీ కూతురూ వచ్చారు. అమ్మాయి భుజాన కాలేజీ బ్యాగు అట్లాగే ఉంది. చీటీలో రెండే ముక్కలు: పదిహేడేళ్లు, పద్నాలుగు వారాలు.

చదివిన క్షణమే, పిల్లల మీద లైంగిక నేరాలను చూసే పోక్సో చట్టం మీ మీదికి వచ్చేసింది. ఆ చట్టం లెక్కలో పద్దెనిమిది నిండని పిల్ల సమ్మతికి విలువ లేదు. నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలని 19వ సెక్షన్. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ అని 21వ సెక్షన్. ‘ఎవరైనా’లో డాక్టరు ఉంది, నర్సు ఉంది, మీరూ ఉన్నారు.

అమ్మాయి నోరు తెరవబోతుంది. మీరు చెయ్యి కొంచెం పైకెత్తుతారు.

“ఆగు బిడ్డా. నువ్వు చెప్పకముందే నేనొక మాట జెప్పాలె. నువ్వు చెప్పేది కాలేజీకి పోదు, ఊర్లెకు పోదు. కానీ ఒక్క సంగతి నా చేతుల లేదు. పద్దెనిమిది నిండని పిల్లకు కడుపు వచ్చిందని తెలిస్తె పోలీసులకు తెలియజేయాలని చట్టం. అందుల నీ పేరు రాకుండ ఉండే తొవ్వ గూడ ఉంది. అది ఇని, అప్పుడు మాట్లాడాలనిపిస్తె మాట్లాడు.”

తల్లి లేచి నిలబడింది. “పోలీసులా? పా బిడ్డ, పోదాం పా.”

ఈ క్షణాన్ని తప్పించుకోవడం చాలా తేలిక. ముందు మంచి మాటలతో అంతా రాబట్టి, చివర్లో ‘చట్టం కాబట్టి తప్పదు’ అనొచ్చు. అట్లా చేస్తే అమ్మాయి ఈ గదిని మళ్లీ నమ్మదు, ఇంకే గదినీ నమ్మదు. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వడం ఇంకా ఘోరం. నిలబెట్టుకోలేని మాట అది. పోనీ, ముందే చెప్పినందుకు వాళ్లు లేచి వెళ్లిపోతే? ఏ సందులోనో, ఏ అర్హతా లేని చేతుల్లో పడతారు. రెండువైపులా ప్రమాదం ఉన్నప్పుడు, తెలుసుకుని ఎంచుకునే అవకాశం ఆ అమ్మాయికి ఉండాలి. 2018లో డబ్లిన్‌లో అంతర్జాతీయ సోషల్ వర్కర్ల సమాఖ్య ఆమోదించిన నీతి సూత్రాల్లో గోప్యత ఒకటి. ఆ గోప్యతకు హద్దు ఎక్కడుందో వచ్చినవాళ్లకు చెప్పి తీరాలన్నదీ అక్కడే ఉంది.

మీరు తలుపుకు అడ్డంగా నిలబడరు. “పోతానంటే ఆపను అక్కా. రెండు నిమిషాలు కూసోని ఇని పో.”

కూర్చుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని అమ్మాయి కూడా కూర్చుంది.

2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్న, జస్టిస్ పార్దీవాలా ధర్మాసనం ఇచ్చిన తీర్పును ఆ తల్లికి అర్థమయ్యే మాటల్లో చెబుతారు. ఇష్టపడి దగ్గరైన మైనర్లు పోలీసు భయంతో ఆసుపత్రికే రావడం లేదని కోర్టు గుర్తించింది. పోక్సో చట్టాన్నీ, ఎంటీపీ చట్టాన్నీ పొంతన కుదిరేట్టు కలిపి చదివింది. మైనరు, ఆమె సంరక్షకులు అడిగితే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో అమ్మాయి పేరు గానీ, గుర్తుపట్టే వివరాలు గానీ చెప్పనక్కర్లేదు. తర్వాత కేసు నడిచినా ఆ డాక్టరు ఆ వివరాలు బయటపెట్టనక్కర్లేదు.

“అంటే మా ఇంటికి పోలీసులు రారా?”

“డాక్టరమ్మ ఇచ్చే కాగితంల మీ ఇల్లు ఉండదు అక్కా.” అంతకు మించి హామీ ఇవ్వరు. ఎవరో వేరేవాళ్లు ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో మీ చేతుల్లో లేదు కదా.

తల్లిని బయట బెంచీ మీద కూర్చోమంటారు. ఒప్పుకోవడానికి ముందు ఆమె మీ కళ్లలోకి చూసి అడుగుతుంది: “మీ బిడ్డయితే ఏం జేస్తరు మేడం?”

ఈ గదిలో ఎక్కువసార్లు వినిపించే ప్రశ్న ఇదే. మీకు దేవుడున్నాడు, నమ్మకాలున్నాయి, ఇంట్లో ఆడపిల్ల ఉండొచ్చు. దేనికీ ఇక్కడ తూకం లేదు. “నేనేం జేస్తనో చెప్తే అది నా బిడ్డ సంగతి అయితది అక్కా. ఈ బిడ్డ సంగతి ఈ బిడ్డనే అడుగుదాం.” మీ నమ్మకం ఈ మాట అనలేనంత గట్టిదైతే, చేయాల్సింది ఒక్కటే. వెంటనే, అదే పూట, ఇంకో కౌన్సెలర్‌కు అప్పగించాలి. రేపు రమ్మని తిప్పితే అది కూడా కాదన్నట్టే. వారాలు ఆగవు.

ఒంటరిగా ఉన్నప్పుడు అమ్మాయి మాట్లాడుతుంది. క్లాసులో పిల్లవాడే. బెదిరించలేదు, ఫోటోలు తీయలేదు, డబ్బివ్వలేదు. ఒక్కొక్కటీ అడుగుతారు, ఎందుకంటే ‘ఇష్టపడి’ అన్న మాట పిల్లలు భయంతోనూ అంటారు. అదే ఇంట్లో మనిషో, మాస్టరో చేశాడని తేలితే దారి మారుతుంది. అప్పుడు పేరు దాచడం కంటే ఆమెను ఆ మనిషి నుంచి దూరంగా ఉంచడం ముఖ్యం. బాలల సంక్షేమ కమిటీ, సహాయక వ్యక్తి, మహిళా అధికారి యూనిఫాం లేకుండా తీసుకునే వాంగ్మూలం. గర్భస్రావం తర్వాత కణజాలాన్ని డీఎన్‌ఏ పరీక్ష కోసం ఫార్మలిన్ తగలకుండా భద్రపరచమని డాక్టరుకు గుర్తు చేయాలి.

“నీకేం గావాలె బిడ్డా?”

“నాకు వద్దు మేడం. చదువుకుంట.”

ఈ ఒక్క వాక్యం కోసమే తల్లిని బయట కూర్చోబెట్టారు. మైనరు విషయంలో సంతకం సంరక్షకులదే. అట్లాగని మాట కూడా వాళ్లదే కానక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో ముంబైకి చెందిన పద్నాలుగేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 22న గర్భస్రావానికి అనుమతించింది. నెలలు నిండవచ్చిన స్థితిలో అమ్మాయి ఆరోగ్యం ఏమవుతుందోనని తల్లిదండ్రులు మనసు మార్చుకుంటే 29న ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. సంరక్షకులు ఒకటంటే మైనరు ఇంకొకటి అంటున్నప్పుడు ఆమె అభిప్రాయాన్ని ముఖ్యమైన అంశంగా చూడాలని ఆ తీర్పులో చెప్పింది.

తల్లి లోపలికి వచ్చి మెల్లగా అంటుంది: “ఆళ్ల నాయినకు తెల్వద్దు మేడం. ఆయన సంతకం గూడ గావాల్నా?” అక్కర్లేదు. ఎంటీపీ చట్టంలో సంరక్షకులంటే ఆ పిల్ల బాగోగులు చూసుకునే మనిషి. తల్లి చాలు.

డాక్టరు పేరు లేని సమాచారం రాసి స్టేషన్‌కు పంపింది. అరగంటలో ఫోను.

“పేరు లేదు, ఊరు లేదు, ఎట్ల కేసు జేసేది మేడం? ఎఫ్‌ఐఆర్ అయినంక అబార్షన్ జేయమనుండ్రి.”

“సమాచారం ఇచ్చినం సార్. తీర్పు కాపీ గూడ జతచేసినం. పిల్ల చికిత్సకు పోలీసు కాగితం కోసం ఆగం సార్.” ఆపమని చెప్పే అధికారం ఆయనకూ లేదు. అత్యవసర వైద్యం అందించే ముందు పోలీసు లేఖలు, మేజిస్ట్రేటు ఉత్తర్వులు అడగకూడదని 2020 పోక్సో నియమాలు ఆసుపత్రులకు చెబుతున్నాయి. ఎఫ్‌ఐఆర్ లేకున్నా వైద్య పరీక్ష చేయవచ్చని పోక్సో 27వ సెక్షన్.

ఫోను పెట్టేశాక ఒక సంగతి మిమ్మల్ని పట్టుకుంటుంది. 2022 తీర్పు మినహాయింపు ఇచ్చింది డాక్టరుకు. కౌన్సెలర్ గురించి, సోషల్ వర్కర్ గురించి ఆ మినహాయింపులో ముక్క లేదు. డాక్టరు సమాచారం ఇచ్చాక మీరు వేరేగా ఇవ్వాలా? ఇస్తే మీకూ ఆ రక్షణ వర్తిస్తుందా? ఊహించుకుని సర్దుకోరు. ఏ రోజు, ఏ సమయానికి, ఎవరి ద్వారా సమాచారం వెళ్లిందో మీ ఫైల్లో రాస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయరుకు ఇదే ప్రశ్న పేర్లు లేకుండా రాతపూర్వకంగా పంపి, జవాబు రాతపూర్వకంగానే అడుగుతారు.

మధ్యాహ్నం డబ్బా విప్పే లోపే గైనిక్ డాక్టరు పిలుపు. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, పెళ్లి కాలేదు, ఇరవై ఒకటో వారం. వెంట ఉన్నవాడు ఫోను ఎత్తడం మానేశాడు. వేరే ఆసుపత్రిలో హైకోర్టుకు పొమ్మన్నారట. వారం అట్లాగే పోయింది. కోర్టు అక్కర్లేదు. 2022 తీర్పు ఇలాంటి యువతి వేసిన కేసులోనే వచ్చింది. పాతికేళ్ల మనిషి, పెళ్లి కాలేదు, భాగస్వామి తప్పుకున్నాడు. ఇష్టపడి దగ్గరై గర్భం దాల్చిన పెళ్లి కాని స్త్రీ నియమాల జాబితాలో లేదని ఢిల్లీ హైకోర్టు కాదంది. ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల మధ్య పెళ్లయినవాళ్లకు ఒక లెక్క, కానివాళ్లకు ఇంకో లెక్క ఉండకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. ఎంటీపీ చట్టం వరకు భర్త చేసిన అత్యాచారమూ అత్యాచారమేనని అదే తీర్పు చెప్పింది. రెండో డాక్టరు ఎక్కడున్నారో వెతికి పిలిపించడం మీ వంతు. మీ అన్నం చల్లారిపోయింది. ఆ అమ్మాయికి ఒక రోజు కలిసొచ్చింది.

రెండున్నరకు ఒక హోం నుంచి ఫోను. “మా దగ్గర ఒకామెకు ఇరవై రెండేళ్లు, బుద్ధి మాంద్యం. గర్భం అని తేలింది. మేమే గార్డియన్ కాబట్టి సంతకం పెడతాం, డేటివ్వండి.” 2009లో సరిగ్గా ఇలాంటి కేసే చండీగఢ్ నుంచి సుప్రీంకోర్టుకు చేరింది. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న యువతి మీద అత్యాచారం జరిగింది. తీసేయమని హైకోర్టు చెప్పింది. ఆమె ఉంచుకుంటానంది. మానసిక రోగం వేరు, బుద్ధి మాంద్యం వేరు, చట్టం రెండోవాళ్ల సమ్మతిని సంరక్షకులకు అప్పగించలేదు, పునరుత్పత్తి నిర్ణయం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన స్వేచ్ఛలో భాగం అని ఆగస్టు 28న కోర్టు అంది. “డేటు తర్వాత చూద్దాం సార్. నేనొచ్చి ముందు ఆమెతో మాట్లాడత. బొమ్మలతోని చెప్పాల్సి వస్తే అట్లనే చెప్త. ఇంకొకటి, హోంల ఉన్నామెకు ఈ గర్భం ఎట్ల వచ్చిందో గూడ చూడాలె కదా.” అవతల కాసేపు జవాబు లేదు.

నాలుగింటికి బీరువా తెరిచి రోజు కాగితాలు రాయడానికి కూర్చుంటారు. గర్భస్రావం జరిగిన ప్రతి స్త్రీ పేరు ఒక్క అడ్మిషన్ రిజిస్టర్‌లోనే ఉండాలి. కేస్ షీటులో, ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్‌లో, ఫాలో-అప్ కార్డులో క్రమ సంఖ్య తప్ప పేరు రాయకూడదని 2003 నిబంధనలు చెబుతున్నాయి. సమ్మతి పత్రాన్ని కవర్లో పెట్టి, సీలు వేసి, ‘రహస్యం’ అని రాసి ఆసుపత్రి పెద్ద దగ్గర భద్రపరుస్తారు. పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలు పడొచ్చని 2021లో చేర్చిన 5ఎ సెక్షన్.

ఆ సెక్షన్ డాక్టరునే పేర్కొంది, మిమ్మల్ని కాదు. లాయరుకూ కక్షిదారుకూ మధ్య మాటలకు సాక్ష్య చట్టం రక్షణ ఇచ్చింది. ఈ గదిలో మాటలకు అది లేదు. కోర్టు పిలిస్తే మీ నోట్సుతో వెళ్లాల్సిందే. అందుకే ఏం రాయాలన్నది కూడా నీతికి సంబంధించిన పనే అవుతుంది. వచ్చిన సమయం, అడిగిన సేవ, చెప్పిన సమాచారం, గోప్యత హద్దు వివరించారన్న సంగతి, ఆమె నిర్ణయం. ఇంతే రాస్తారు. ప్రేమ కథ, అత్త తిట్లు, మీ ఊహలు రాయరు. ఊరి ఆశా కార్యకర్త మంచి మనసుతోనే వాట్సాప్‌లో ఒకరి స్కానింగ్ ఫోటో పేరుతో సహా పంపింది. తీసేస్తారు, ఆమె ఫోన్లోంచి కూడా తీసేయమని ఫోన్ చేస్తారు.

టేబులు మీది ఫోను మోగుతుంది. “నేను ఫలానా ఊరి లీడర్ని. మా వాడకట్టు పిల్ల ఒకామె పొద్దున మీ దగ్గరికి వచ్చిందట?”

“ఇక్కడికి ఎవరొచ్చిండ్రు, ఎవరు రాలేదు అనేది ఫోన్ల చెప్పమండీ.” రాలేదని అబద్ధం ఎందుకు చెప్పకూడదంటే, ఈ రోజు రాలేదని ఒకరికి చెప్పి, రేపు ఇంకొకరికి ‘చెప్పలేం’ అంటే ఆ ‘చెప్పలేం’కు వచ్చిందనే అర్థం వస్తుంది. అందరికీ, ఎప్పుడూ ఒకటే జవాబు.

గది తాళం వేసే వేళకు ఒక అత్తా కోడలూ. అత్త చేతిలో ఫైలు, కోడలి చంకలో మూడేళ్ల పాప, కొంగు పట్టుకుని ఇంకో పాప. పదహారో వారం.

“ఇద్దరు ఆడపిల్లలాయె మేడం. మల్ల గదేనట. తీసెయ్యమనుండ్రి. కోడలు ఒప్పుకున్నది, సంతకం పెడతది.”

‘మల్ల గదేనట’ అన్నచోట మీ చెవులు నిలబడతాయి. ఎవరో ఎక్కడో స్కానింగులో చెప్పారు. పీసీపీఎన్‌డీటీ చట్టం 1994లో వచ్చింది. లింగం చెప్పడం నేరం, చెప్పించడం నేరం. ఆడపిల్ల అని తీసేయడానికి ఎంటీపీ చట్టంలో ఏ కారణమూ సరిపోదు. అట్లాగని కోడలి వైపు అనుమానంగా చూడరు. బలవంతం మీద పరీక్షకు వెళ్లిన స్త్రీని ఆ చట్టమే శిక్ష నుంచి తప్పించింది. రెండు చట్టాలను కలగాపులగం చేసి, నాలుగు నెలలతో వచ్చిన ప్రతి మనిషినీ ‘ఆడపిల్లనా?’ అని నిలదీసే పద్ధతి ఉంది. అది మీది కాకూడదు. పొద్దున్నుంచి వచ్చిన అందరికీ ఏం చేశారో ఇక్కడా అదే. అత్తను బెంచీ మీద కూర్చోబెట్టి, కోడలితో ఒంటరిగా.

“ఇది నీ నిర్ణయమేనా అమ్మా?”

పాప జుట్టు సవరిస్తూ ఆమె చాలాసేపు ఏమీ అనదు. మీరూ తొందరపెట్టరు.

“నాకు ఉంచుకోవాలనే ఉంది మేడం. వద్దంటే ఇంట్ల ఉండనియ్యరు.”

పొద్దున ఫారం సి మీద భర్త సంతకానికి చోటు లేదని చూపించారు. ఇప్పుడు అదే కాగితం మీద అత్త కోరికకు కూడా చోటు లేదు. సమ్మతి లేకుండా గర్భస్రావం చేస్తే న్యాయ సంహిత 89 కింద యావజ్జీవం దాకా శిక్ష. ఆ సంగతి బయటికి వచ్చి అత్తకు మీరే చెబుతారు, ఇంట్లో ఆ మాట కోడలి నోట రాకుండా. “డాక్టరమ్మ చేయనన్నది. చేస్తే ఆమె జైలుకు, చేయించినోళ్లు గూడ.” నిందంతా ఆసుపత్రి మీద వేసుకుంటారు. ఇది అబద్ధం కాదు. డాక్టరు నిజంగానే చేయదు.

తర్వాత అసలు పని మొదలవుతుంది. వద్దనుకున్నామె ఒక పూటలో ఇంటికి వెళ్లిపోయింది. ఉంచుకుంటానన్న ఈమె అయిదు నెలలు అదే ఇంట్లో గడపాలి. గృహహింస చట్టం కింద ఇంట్లో ఉండే హక్కు, ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు దొరికే ఉచిత లాయరు, అర్ధరాత్రి కూడా పలికే 181. నంబరు కాగితం మీద రాసిస్తే అత్త చూస్తుందని ఆమె చేత రెండుసార్లు చెప్పించి కంఠస్థం చేయిస్తారు. స్కానింగు ఎక్కడ తీశారో ఆమె తనంతట చెప్పే రోజు వచ్చినప్పుడు జిల్లా అధికారులకు రాయవచ్చు. ఈ రోజు దాని కోసం ఆమెను నలిపేయరు.

గర్భిణుల ఓపీ రోజు ఎప్పుడో చూసి కార్డు మీద తేదీ వేస్తారు.

“ఆ రోజు రక్త పరీక్ష ఉంటది, నువ్వు తప్పక రావాలె,” అని అత్తకు వినపడేట్టు గట్టిగా అంటారు. తర్వాత కోడలితో, మామూలు గొంతుతో: “లైన్ల నిలబడకు. సీదా నా దగ్గరికి రా.”